పగిలినవాటి పట్టీ

టెక్కలి డిపో బస్సు మెళియాపుట్టి దాటాక నన్ను దించేసింది.
అక్కణ్ణుంచి జీడితోటల మధ్య
రెండు కిలోమీటర్ల ఎర్రమట్టి.
సంచిలో పద్దెనిమిది ప్రశ్నల కాగితాలు.
సైన్సు మాస్టార్లు ఈ ఊళ్లలో ఎందుకు నిలవరు,
నిలిచినవాళ్లు ఎందుకు నిలిచారు,
అదీ నా పని.
జీతమా, అద్దిల్లా, బస్సా, శిక్షణా,
ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయండి.

పొట్నూరు జగన్నాయకులు గారు
ఎనిమిదో తరగతికి కటకాలు చెప్తున్నారు.
అందాకా కూర్చోమని
అటెండరు కొర్రాయి నీలమ్మ స్టూలు వేసింది.
అడక్కముందే లెక్క అప్పజెప్పింది.
"ఈయనకి ముందల ఆరేళ్లకి అయిదుగురమ్మా.
ఒకాయనకి నీలు పడనేదు.
ఒకావిడికి సంటిపిల్ల, ఆస్పత్రేమో పాతపట్నం.
ఒకాయన వొచ్చిన్రోజే బదిలీ కాయితం ఎట్టినాడు.
మిగిల్నోలిద్దరూ మంచోలే.
ఏటో, పాటం సెప్తానే
కిటికీలోంచి రోడ్డుకేసి సూసీవోరు."

"మరి ఈయన?"
"ఈయనకి ఏడో ఏడు."
చీరచెంగు కొసన వదులైపోయిన ముడి చూపించింది.
"బీరువా సెవి ఇక్కడుండీది.
ఇరిగితే జీతంలో కోసెస్తారని
పెద్దమేష్టారు నన్ను దాసెయ్యమనీవోరు.
కొత్త హెచ్చెమ్మమ్మ వొచ్చి
ఆ సెవి ఈయన సేతిల ఎట్టీసింది.
ఇరిగితే ఇరగనీ మేష్టారూ అంది. అంతే."

బీరువా పక్కన అట్ట ఊడిన రిజిస్టరు.
పగిలిన వస్తువుల పట్టీ.
పాత పేజీలన్నీ సున్న, సున్న, సంతకం.
ఒక్క గాజుగొట్టానికీ చావు రాలేదు ఆ ఆరేళ్లూ.
ఆ తర్వాత ఒక్కసారిగా కొట్టుకుపోయినట్టు
బీకర్లు రెండు, పరీక్షనాళికలు పదకొండు.
థర్మామీటరు ఒకటి,
పాదరసం బల్ల కింద పరిగెత్తింది, పిల్లల్ని బయటికి పంపాము.
కుంభాకార కటకం ఒకటి,
ఎండుటాకు అంటుకోగానే సవర సుక్కమ్మ
కేక వేసి చెయ్యి వదిలేసింది.
కారణం అన్న గడిలో ఇంతింత కథలు.
ప్రతి కథ కిందా పచ్చసిరా సంతకం.

నా మొదటి ఉద్యోగం బొబ్బిలి వైపు.
అక్కడా ఒక బీరువా ఉండేది.
థర్మామీటరు పగిలిన నెల
నా జీతంలో నూట అరవై కోశారు.
నూట అరవై సంగతి కాదు.
ఆ మర్నాడు బోర్డు మీద థర్మామీటరు బొమ్మ గీశాను.
ఇంక ఏడాదంతా బొమ్మలే.
వేసవిలో వచ్చేశాను.
నన్నెవరూ ఏ కాగితమూ నింపమనలేదు.

గంట కొట్టారు.
సుద్దచేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చారాయన.
"రాత్రి తొమ్మిదికి నరసన్నపేటలో ఒకావిడకి ఫోను చేస్తానండీ,
ఆవిడ జీవశాస్త్రం.
నాకు రాని పాఠం ఆవిడ చెప్తుంది,
ఆవిడకి రానిది నేను.
ఇది ఏ ప్రశ్న కింద రాయమంటారు?"
ఇతరములు, అన్నాను.
"ఒకటిన్నర అంగుళమే ఇచ్చారు కదండీ దానికి!"

తొందరపడకు అని నాకు నేనే చెప్పుకున్నాను.
మొన్న మందస దగ్గర ఒక బడిలో
రిజిస్టరు నిండా పగుళ్లే,
అయినా మేష్టారు ఉండలేదు.
భార్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్,
పలాస దగ్గరికి బదిలీ పెట్టుకున్నాడు.
ఎంత పచ్చసిరా ఉంటే మాత్రం.

తిరుగు బస్సులో, మోకాలి మీద,
పంతొమ్మిదో ప్రశ్న రాశాను:
ఈ ఏడాది మీ బడిలో ఏం పగిలింది?
మా గైడు కొట్టేస్తారేమో. కొట్టేస్తే మళ్లీ రాస్తాను.

జగన్నాయకులు గారి కాగితం తీసి చూశాను.
పదిహేడు జవాబులు నీలం పెన్నుతో.
వచ్చే ఏడాది ఇక్కడే ఉంటారా, అన్నదానికి
పెన్సిలు.
ఉంటాను అని రాసి, చెరిపి,
మళ్లీ ఉంటాను అనే రాశారు.
అక్కడ కాగితం కాస్త పల్చబడింది.